పార్టీ లేని ఎంపీ వల్ల మా ఊరికి ఏం ఒరిగింది: వొడోంగా నుంచి నా అనుభవం

మీ ప్రశ్న ఇది: "మా నియోజకవర్గంలో ఒక రిటైర్డ్ టీచర్‌ గారు ఇండిపెండెంట్‌గా నిలబడతానంటున్నారు. మంచి మనిషే. కానీ పార్టీ లేకుండా ఒక్కడే గెలిచి ప్రభుత్వం చేత ఏం చేయిస్తారు? ఓటు వృథా అవదా? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి."

నేను దగ్గర నుంచే చూశాను. మన దేశంలో కాదు, ఆస్ట్రేలియాలో. అక్కడి పద్ధతులు వేరు కాబట్టి అన్నీ మీకు అచ్చంగా వర్తించవు. అయినా ఉపయోగపడే సంగతులు చాలా ఉన్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. నేనూ నా భార్యా రీజనల్ వీసా (పెద్ద నగరాల బయట ఉండాలన్న షరతుతో ఇచ్చేది) మీద వచ్చి వొడోంగాలో స్థిరపడ్డాం. మెల్‌బోర్న్‌కి సుమారు 300 కిలోమీటర్లు. సాగర్ దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ వచ్చినట్టు, ఇక్కడ ముర్రే నది దాటితే ఆల్బరీ ఊరు, ఇంకో రాష్ట్రం. నేను ఇటు పక్క గోడౌన్‌లో పని చేస్తాను, నా భార్య అటు పక్క వృద్ధాశ్రమంలో నర్సు. మా పార్లమెంటు నియోజకవర్గం పేరు ఇండై. పేరు చిన్నదే గానీ కొండలు, పొలాలు, చిన్న చిన్న ఊళ్లతో చాలా పెద్ద ప్రాంతం.

మేం వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయన ఒక మాట చెప్పారు. "ఇది ఎప్పుడూ ఒకే వైపు గెలిచే సీటు. అందుకే మాకు ఏమీ రాలేదు" అని. మొదట నాకు అర్థం కాలేదు. గెలిచే పార్టీకి ఎలాగూ గెలుస్తామని ధీమా. ఓడే పార్టీకి ఎలాగూ ఓడతామని నిరాశ. రెండింటికీ ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టే అవసరం లేదు. కొండల్లోకి వెళ్తే ఫోన్ సిగ్నల్ ఉండదు. రైలు పట్టాలు పాతవి. నేను ఒకసారి మెల్‌బోర్న్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి పొద్దున్నే రైలెక్కి, రైలు లేటై, ఆ అపాయింట్‌మెంట్ పోగొట్టుకుని, మళ్లీ రెండు నెలలు ఆగాను.

2012లో ఇక్కడి మామూలు మనుషులు కొందరు కలిసి ఇళ్లలో వంటింటి బల్లల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "వాయిసెస్ ఫర్ ఇండై" అని పేరు పెట్టుకున్నారు. ముందు అభ్యర్థిని వెతకలేదు. మన ప్రాంతానికి ఏం కావాలి, మంచి ఎంపీ అంటే ఎలా ఉండాలి అని జనాన్ని అడిగి రాసుకున్నారు. ఆ తరవాతే వ్యవసాయ రంగంలో పని చేసిన కాథీ మెక్‌గోవన్ నిలబడ్డారు. 2013లో దేశమంతా లిబరల్-నేషనల్ కూటమి గెలిచింది (ఇక్కడి రెండు పెద్ద పక్షాల్లో ఒకటి అది, రెండోది లేబర్ పార్టీ). అదే ఎన్నికలో ఆవిడ ఇక్కడ ఆ కూటమి సిట్టింగ్ ఎంపీని 439 ఓట్లతో ఓడించారు. 439 అంటే మా పల్లెలో రెండు వీధుల ఓట్లు.

ఆ తరవాత నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి జరిగింది. 2019లో మెక్‌గోవన్ తప్పుకున్నారు. సాధారణంగా ఇండిపెండెంట్ తప్పుకుంటే సీటు మళ్లీ పార్టీల చేతికి పోతుంది. ఇక్కడ అలా జరగలేదు. ఆ మనుషులే మళ్లీ కూర్చుని, నర్సుగా, మంత్రసానిగా పని చేసిన హెలెన్ హేన్స్‌ని నిలబెట్టారు, గెలిపించారు. ఆస్ట్రేలియా పార్లమెంటు చరిత్రలో ఒక ఇండిపెండెంట్ సీటులోకి ఇంకో ఇండిపెండెంట్ నేరుగా రావడం అదే మొదటిసారి. 2022లోనూ, 2025లోనూ ఆవిడే గెలిచారు.

నా మొదటి ఓటు 2019లోనే. "ఓటు వృథా" అనే మీ అనుమానానికి ఇక్కడే సగం జవాబు ఉంది. ఇక్కడ ఒకరికి ముద్ర వేసి రావడం ఉండదు. బ్యాలెట్ మీద ఉన్న అందరికీ 1, 2, 3 అని పెన్సిల్‌తో వరస నంబర్లు వేయాలి. మీరు 1 వేసిన మనిషి చివర్లో ఉంటే, ఆ ఓటు మీరు 2 వేసిన మనిషికి పోతుంది. అలా ఎవరికో ఒకరికి సగానికి పైగా వచ్చేదాకా లెక్క సాగుతుంది. 2019లో హేన్స్‌కి మొదటి లెక్కలో లిబరల్ అభ్యర్థి కంటే తక్కువ ఓట్లు వచ్చాయి. మిగతావాళ్లు పోటీ నుంచి తప్పుకున్న కొద్దీ వాళ్ల రెండో ఓట్లు వచ్చి చేరాయి, గెలిచారు. మన దగ్గర ఈ పద్ధతి లేదు, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే. కాబట్టి మీ భయాన్ని నేను కొట్టిపారేయను. మన దగ్గర ఇండిపెండెంట్ పోటీ చేయడం నిజంగా ఎక్కువ కష్టం.

ఇక అసలు ప్రశ్న. గెలిచి ఏం చేశారు?

నాకు తెలిసినంతలో పెద్ద పోరాటం అవినీతి నిరోధక కమిషన్‌ది. ఇక్కడి రాష్ట్రాల్లో అవినీతి మీద విచారణ చేసే సంస్థలు ఉన్నాయి, కేంద్రంలో మాత్రం అప్పటికి అలాంటిది లేదు. 2018 నవంబర్‌లో మెక్‌గోవన్ ప్రైవేటు బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు) పెట్టారు. ప్రభుత్వం మేమే తెస్తామంది, తేలేదు. 2020 అక్టోబర్‌లో హేన్స్ ఇంకా వివరంగా ఇంకో బిల్లు పెట్టారు. ఇక్కడ కూడా ప్రభుత్వం ఒప్పుకోకపోతే ప్రైవేటు బిల్లు మీద చర్చే జరగదు. ఏడాది గడిచింది. 2021 నవంబర్ 25న, మిగతా పనులు పక్కనపెట్టి నా బిల్లు మీద చర్చ జరపండి అని ఆవిడ సభలో తీర్మానం పెట్టారు. అధికార పక్షంలోనే ఉన్న టాస్మేనియా ఎంపీ బ్రిడ్జెట్ ఆర్చర్ లేచి ఆవిడను బలపరిచారు. సొంత పార్టీకి ఎదురుగా.

ఆ రోజు నేను గోడౌన్ భోజనాల గదిలో ఫోన్‌లో చూస్తున్నాను. ఓటింగ్‌లో అనుకూలంగా 66, వ్యతిరేకంగా 64 వచ్చాయి. గెలిచారనుకుని పక్కన ఉన్నతని భుజం తట్టాను. కానీ అలాంటి తీర్మానానికి హాజరైనవాళ్లలో ఎక్కువమంది చాలదు, సభ మొత్తంలో సగానికి పైగా, అంటే 76 ఓట్లు కావాలి. ఎక్కువ ఓట్లు వచ్చీ ఓడిపోయారు. నాకు చాలా బాధేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నా భార్యతో "ఇంక ఇది అయిపోయింది" అన్నాను.

అయిపోలేదు. ఆ 66-64 అంకె దేశమంతటా పాకింది. తమ ఎంపీ ఆ రోజు ఎటు ఓటేశారు అని ఊరూరా అడిగారు. 2022 మే ఎన్నికల్లో మా ఇండై పద్ధతి చూసి నేర్చుకున్న ఇండిపెండెంట్లు పెద్ద నగరాల్లో చాలామంది నిలబడి, లిబరల్ పార్టీకి కంచుకోటల్లాంటి సీట్లు తీసుకున్నారు. ప్రతి ఒక్కరి ప్రచారంలో ఈ కమిషన్ మాట ఉంది. ప్రభుత్వం మారింది. 2022 నవంబర్‌లో చట్టం పాసైంది, 2023 జులై 1న జాతీయ అవినీతి నిరోధక కమిషన్ పని మొదలుపెట్టింది. చట్టం తెచ్చింది లేబర్ ప్రభుత్వం, సంతకాలు వాళ్లవే. కానీ ఆ మాటను నాలుగేళ్లు చావనివ్వకుండా కాపాడింది మా ప్రాంతం ఎంపీలిద్దరు. ఇందులో నాకు సందేహమే లేదు.

అందులోనూ హేన్స్ అడిగినదంతా దక్కలేదు. ఆ చట్టం ప్రకారం బహిరంగ విచారణ చేయాలంటే "అసాధారణ పరిస్థితులు" ఉండాలి. ఆ షరతు తీసేయాలని ఆవిడ సవరణ పెట్టారు. ప్రభుత్వం, ప్రతిపక్షం రెండూ దాన్ని ఒప్పుకోలేదు, ఓడిపోయింది. జనానికి కనిపించకుండా జరిగే విచారణ మీద జనానికి నమ్మకం ఎలా వస్తుంది? ఈ విషయంలో నేను ఇప్పటికీ ఆవిడ పక్షమే.

ఇప్పుడు ఊరి సంగతులు. రైలు మార్గం బాగుకు కేంద్రం 23.5 కోట్ల డాలర్లు కేటాయించింది మెక్‌గోవన్ ఉన్నప్పుడే. 2021 చివర్లో కొత్త రైళ్లు వచ్చాయి. ఇదంతా ఒక్క ఎంపీ గొప్ప అని నేను చెప్పను, రెండు ప్రభుత్వాలు పని చేశాయి. కానీ సీటు చేజారిన తరవాతే రెండు పార్టీల మంత్రులూ మా వైపు తరచుగా రావడం మొదలైందని ఇక్కడి పాతవాళ్లు అందరూ చెబుతారు. నేను చూసింది కూడా అదే. సీటు ఎవరి జేబులోనూ లేదని తెలిస్తే అందరూ పలకరిస్తారు.

2020 జులై 8న కోవిడ్ కోసం రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు మూశారు. 1919 ఫ్లూ తరవాత అలా మూయడం అదే మొదలు. ఇల్లు ఇటు, ఉద్యోగం అటు ఉన్న మాలాంటి వేల కుటుంబాలకు అది పిడుగే. నా భార్య డ్యూటీకి పర్మిట్ పట్టుకుని, వంతెన మీద కార్ల వరసలో గంటలు గంటలు కూర్చునేది. టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. సరిహద్దు నిర్ణయం రాష్ట్రాలది, కేంద్ర ఎంపీది కాదు. అయినా ఎంపీ ఆఫీసుకు మెయిల్ రాశాను. ఇది ఎవరి పరిధిలో ఉంది, ఏ పర్మిట్‌కి అప్లై చేయాలి, ఎవరికి ఏం రాయాలి అన్నీ విడమరిచి జవాబు వచ్చింది. "మేం చూసుకుంటాం" అన్న ఉత్తుత్తి హామీ లేదు. మా చేతిలో లేదు అని స్పష్టంగా చెప్పి, చేతిలో ఉన్నంత చేసే ఆఫీసును నేను అంతకుముందు చూడలేదు. సరిహద్దు ఊళ్లు రెండింటినీ ఒకే ఊరుగా చూడాలని హేన్స్ బయట గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు. నవంబర్ 23న తెరిచారు.

ఆసుపత్రి విషయం మాత్రం ఇంకా తేలలేదు. ఆల్బరీ, వొడోంగా రెండు ఊళ్లకూ, చుట్టుపక్కల కలిపి దాదాపు 3 లక్షల మందికీ ఒకటే ఆసుపత్రి వ్యవస్థ, నదికి రెండు వైపులా రెండు చోట్ల. కొత్త స్థలంలో ఒకే పెద్ద ఆసుపత్రి కట్టమని జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 2022లో రెండు రాష్ట్రాలూ కలిసి 55.8 కోట్ల డాలర్లు ప్రకటించాయి, కానీ కొత్త స్థలంలో కాదు, ఆల్బరీలో ఉన్నదాన్నే పెంచడానికి. జనానికి నచ్చలేదు. హేన్స్ కేంద్రం కూడా వాటా ఇవ్వాలని అడుగుతూనే ఉన్నారు. జనం కోరిన ఆసుపత్రి నేను ఇది రాసేనాటికి రాలేదు. ఇండిపెండెంట్ ఉంటే అన్నీ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎందుకు రావు అంటే, ఒత్తిడికి బలం చాలావరకు అంకెల్లో ఉంటుంది. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఆండ్రూ విల్కీ, టాస్మేనియా ఇండిపెండెంట్. 2010లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ఆయన మద్దతు కావాల్సి వచ్చింది కాబట్టి హోబార్ట్ ఆసుపత్రికి 34 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు, జూదం మెషీన్ల మీద గట్టి చట్టం తెస్తామని ప్రధాని జూలియా గిలార్డ్ చేత మాట కూడా తీసుకున్నారు. 2011 చివర్లో ప్రతిపక్షం నుంచి ఒకాయన స్పీకరై, ప్రభుత్వానికి ఒక ఓటు వెసులుబాటు దొరికింది. రెండు నెలలు తిరక్కుండానే, 2012 జనవరిలో ఆ మాట పోయింది. విల్కీ మద్దతు ఉపసంహరించుకున్నారు, ప్రభుత్వం పడలేదు. ఆసుపత్రి డబ్బు మిగిలింది, చట్టం మిగల్లేదు.

ఇప్పుడు మా పరిస్థితీ అలాంటిదే. 2025లో లేబర్‌కి 150లో 94 సీట్లు వచ్చాయి. వాళ్లకు ఏ ఇండిపెండెంట్ ఓటూ అక్కర్లేదు. 2022లో కూడా, గెలిచిన వెంటనే ప్రభుత్వం ఇండిపెండెంట్లకు ఇచ్చే అదనపు సలహాదారులను నలుగురి నుంచి ఒక్కరికి తగ్గించింది. పార్టీ ఎంపీలకు బిల్లు చదివి చెప్పడానికి పార్టీ యంత్రాంగం ఉంటుంది. ఇండిపెండెంట్ ప్రతి బిల్లూ తానే చదివి తానే నిర్ణయించుకోవాలి. అలాంటప్పుడు చదివే మనుషుల్ని తగ్గించడం నాకు అన్యాయంగా అనిపించింది.

అయినా మిగిలేవి ఉన్నాయి. సభలో మంత్రిని నేరుగా అడిగే ప్రశ్న, కమిటీలో కుర్చీ, సవరణ పెట్టే హక్కు. ఇవన్నీ రికార్డులోకి ఎక్కుతాయి. సాధారణంగా పార్టీ ఎంపీ తన మంత్రిని ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగడు. మా ఊళ్లో ఇళ్లు లేవు, గృహ నిధుల్లో పల్లె ప్రాంతాలకు వాటా ఎంత అని అడగాలంటే ఎవరికీ భయపడనక్కర్లేని మనిషి ఒకరు కావాలి.

మన సంగతికి వస్తాను. 2022 ఎన్నికలప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు. పోలింగ్ రోజు నేను హేన్స్ తరఫున ఆరెంజ్ టీషర్ట్ వేసుకుని బూత్ బయట నిలబడి, నంబర్లు ఎలా వేయాలో చూపించే కార్డులు పంచుతున్నాను. నాన్న పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. పక్కనే లిబరల్ నీలం టీషర్ట్ ఆవిడ, లేబర్ ఎరుపు టీషర్ట్ అబ్బాయి, నేనూ ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటున్నాం. నాన్న నెమ్మదిగా అడిగారు: "గెలిచాక ఈవిడ ఏ పార్టీలో చేరుతుందిరా?"

అది నాన్న తప్పు కాదు. మనం చూసింది అదే. మన రాజ్యాంగం పదో షెడ్యూల్ ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచినవాళ్లు తరవాత పార్టీలో చేరితే సభ్యత్వమే పోతుంది, 1985 నుంచి ఆ నియమం ఉంది. అయినా పేరుకు చేరకుండా "మద్దతు" అని చెప్పి అధికార పార్టీ పక్కన కూర్చునేవాళ్లను ఎంతమందిని చూశాం? 1952లో మొదటి లోక్‌సభలో 37 మంది ఇండిపెండెంట్లు ఉండేవారు. 2024లో గెలిచింది ఏడుగురు.

కానీ మా సత్తెనపల్లికి ఆ మాట పూర్తిగా వర్తించదు. నేను నాన్నకు గుర్తు చేశాను, "తాతయ్య ఎవరికి ఓటేసేవాడు నాన్నా?" అని. ఆయన మొహం వెలిగిపోయింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారు మా సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967ల్లో నాలుగుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, పార్టీ టికెట్ లేకుండా. ఖద్దరు మనిషి. నాగార్జునసాగర్ కోసం, తెలుగులో పరిపాలన జరగడం కోసం ప్రభుత్వాన్ని వదలకుండా అడిగారు. ఆ తరవాత అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు. "మీ తాతయ్య కాంగ్రెస్ మనిషేరా, కానీ ఎమ్మెల్యే ఓటు మాత్రం వావిలాల గారికే. అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా అనేవాడు" అని నాన్న అక్కడ కూర్చునే చెప్పారు. సాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగిన నేను ఆ సంగతి అంత దూరంలో, ఆరెంజ్ టీషర్ట్‌లో నిలబడి విన్నాను. ఇంటికెళ్లేదాకా ఇద్దరం వావిలాల గారి గురించే మాట్లాడుకున్నాం.

మీ టీచర్ గారి విషయానికి వస్తే, మంచి మనిషి అన్నారు. అది మొదటి మెట్టే. ఆయన వెనక ఎవరున్నారో చూడండి. నామినేషన్ రోజు కనిపించి మాయమయ్యేవాళ్లా, లేక ఏడాది ముందు నుంచి ఊరూరా కూర్చుని జనం మాట రాసుకున్నవాళ్లా? ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో బయటపెడతారా? గెలిచాక ఏ ప్రభుత్వం వచ్చినా ఏ విషయాల్లో మద్దతు ఇస్తారో, ఏ విషయాల్లో ఎదిరిస్తారో ఇప్పుడే కాగితం మీద రాసి ఇమ్మనండి. తన చేతిలో లేని పనిని "నా చేతిలో లేదు" అని చెప్పగలరా అని కూడా అడగండి. వీటికి సూటిగా జవాబిస్తే, నేను మీ స్థానంలో ఉంటే ఓటు వేయడమే కాదు, వారానికి ఒక సాయంత్రం ఆయనతో పాటు ఇల్లిల్లూ తిరుగుతాను. ఒకవేళ ఓడిపోయినా తరవాతి ఎన్నికలకు అదే జట్టు ఉంటుందా అని కూడా అడిగి చూడండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే, నాకు తోచింది మళ్లీ చెబుతాను.